1970 షెవెల్‌లో ఎల్‌ఎస్3 వేయాలంటే ఏ పని ముందు, ఏ పని తర్వాత

అడిగిన విషయం క్లుప్తంగా ఇదీ. డాలస్ దగ్గర ఉంటున్న ఒకాయన 1970 షెవర్లే షెవెల్ మాలిబూ కూపే ఒకటి బేరం ఆడి అడ్వాన్స్ ఇచ్చారు. 350 (క్యూబిక్ అంగుళాల) వీ8 ఇంజిన్, టర్బో 350 ఆటోమేటిక్ గేర్‌బాక్స్, నాలుగు చక్రాలకీ డ్రమ్ బ్రేకులు, ఏసీ లేదు. కారు ఇంటికి రాగానే ఇంజిన్ దించేసి ఎల్‌ఎస్3 (షెవర్లే వాళ్ల కొత్త తరం వీ8 ఇంజిన్) వేయించాలని, వీకెండ్‌లో భార్యనీ ఐదేళ్ల బాబునీ ఎక్కించుకుని తిరగాలని ఆశ. చేతిలో ఉన్న అనుభవం కామ్రీకి బ్రేక్ ప్యాడ్లు మార్చుకోవడం వరకు. ఇంజిన్‌తో మొదలుపెట్టొచ్చా, పాత ఇంజిన్ తీసేస్తే కారు విలువ పడిపోతుందా, ఎప్పటికైనా హైదరాబాద్ తీసుకెళ్లొచ్చా అని అడిగారు.

ఇంజిన్‌తో మొదలుపెట్టకండి. అది చివరి పని. ఈ పాత షెవీలతో (షెవర్లే కార్లతో) చాలా ఏళ్లుగా కుస్తీ పడుతున్నవాడిగా నేను చెప్పేది ఒక్కటే: కారు ఎప్పుడూ నడిచే స్థితిలోనే ఉండాలి. ఒక పని పట్టుకోండి, పూర్తి చేయండి, నెల రోజులు నడపండి, ఆ తర్వాతే ఇంకో పని ముట్టుకోండి. అమెరికాలో ఏ ఊళ్లో చూసినా "ప్రాజెక్ట్ కారు, 90 శాతం పూర్తయింది, పార్టులన్నీ డబ్బాల్లో ఉన్నాయి" అనే ప్రకటనలు కనిపిస్తాయి. వాటిలో చాలావరకు డబ్బుల్లేక ఆగినవి కావు. మొదటి వారం ఉత్సాహంలో కారంతా విప్పేసి, ఏ బోల్టు ఎక్కడిదో మర్చిపోయి, గరాజ్‌లోకి అడుగుపెట్టాలంటేనే టెన్షన్ పట్టుకుని ఆగినవి.

ముందు విలువ సంగతి. 1970లో షెవెల్ ఎస్ఎస్ (సూపర్ స్పోర్ట్, ఎక్కువ ధర పలికే రకం) అనేది వేరే మోడల్ కాదు, మాలిబూ మీద కట్టించుకునే ఆప్షన్ ప్యాకేజీ. అందుకే ఆ ఏడాది కారు విన్ (గుర్తింపు) నంబర్ చూసి ఎస్ఎస్ అవునో కాదో చెప్పలేం. 13637 అని మొదలైతే వీ8 మాలిబూ స్పోర్ట్ కూపే అని మాత్రమే తెలుస్తుంది. ఎస్ఎస్ అనడానికి కాగితం ఆధారం కావాలి. బిల్డ్ షీట్, అంటే ఫ్యాక్టరీలో ఏ పార్టులు వేయాలో రాసిన కాగితం, చాలా కార్లలో పెట్రోల్ ట్యాంక్ పైన ఇరుక్కుని దొరుకుతుంది, కాబట్టి ట్యాంక్ దించిన రోజు చెత్త అనుకుని పారేయకండి. ఒకవేళ మీ కారు నిజంగా 454 ఎల్‌ఎస్6 (పేరు కలిసినా ఎల్‌ఎస్3తో సంబంధం లేని ఆనాటి పెద్ద ఇంజిన్) ఎస్ఎస్ అయితే, అంటే ఫ్యాక్టరీ లెక్కలో 450 హార్స్‌పవర్‌ది, దానికి ఒక్క కొత్త పార్టు కూడా వేయొద్దు, వెంటనే నాకు చెప్పండి! 350 వేసిన మామూలు మాలిబూ అయితే ఇంజిన్ మారినంత మాత్రాన విలువేం మునిగిపోదు. శుభ్రంగా చేసిన రెస్టోమాడ్‌కి (పాత కారులో కొత్త పార్టులు వేసినదానికి) కొనేవాళ్లు బాగానే ఉన్నారు. ఇంజిన్ ముందు వైపు, కుడి సిలిండర్ హెడ్ కిందుగా చదునైన చోట చెక్కిన అంకెలుంటాయి. అవి విన్ చివరి అంకెలతో కలిస్తే అది కారుతో పుట్టిన ఇంజినే. దాన్ని అమ్మకండి. సిలిండర్లలో కాస్త ఆయిల్ పోసి, కవర్ చుట్టి, స్టాండు మీద ఓ మూల పెట్టండి. రేపు అమ్మే రోజున అది కారుతో పాటు వెళ్తే బేరం మీ వైపు ఉంటుంది.

ఇంకా అడ్వాన్సే ఇచ్చారు కాబట్టి తుప్పు సంగతి ఇప్పుడే చూసుకోండి. ఫ్రిజ్‌కి అంటించే పల్చటి అయస్కాంతం ఒకటి, పెయింట్ గీతలు పడకుండా మెత్తటి గుడ్డలో చుట్టి పట్టుకెళ్లండి. వెనక చక్రాల చుట్టూ, చక్రం వెనక కింది భాగంలో, ముందు ఫెండర్ల అడుగున, తలుపుల కింది అంచున దాన్ని జరుపుతూ వెళ్లండి. ఇనుము ఉన్నచోట పట్టుకుంటుంది, పుట్టీ మందంగా పూసినచోట జారిపోతుంది. అసలు ప్రమాదం వెనక అద్దం అంచున దాక్కుంటుంది. క్రోమ్ పట్టీ కింద నీళ్లు నిలిచి ఆ గాడి తుప్పు పడుతుంది, అక్కణ్నుంచి డిక్కీలోకి కారుతుంది. వినైల్ రూఫ్ ఉన్న కారైతే అనుమానం రెట్టింపు చేసుకోండి. డిక్కీలో మ్యాట్ ఎత్తి టార్చ్ వేయండి, స్పేర్ టైర్ కింద వేలితో నొక్కి చూడండి. ఫ్లోర్ ప్యానెళ్లు, ఫెండర్లు, క్వార్టర్ ప్యానెళ్లు డైనాకార్న్ లాంటివాళ్లు కొత్తవే చేసి అమ్ముతున్నారు, అవి దొరుకుతాయని ధైర్యంగా ఉండొచ్చు. ఫ్రేమ్ మాత్రం వేరే కథ. వెనక చక్రాల దగ్గర ఫ్రేమ్ పైకి వంపు తిరిగే చోట స్క్రూడ్రైవర్‌తో గట్టిగా పొడవండి. లోపలికి దిగితే అడ్వాన్స్ వదులుకున్నా ఫర్వాలేదు, ఆ కారు వద్దు.

కారు ఇంటికొచ్చాక మొదటి పని బ్రేకులు. నాలుగు డ్రమ్ములతో ఆ కారు ఒకసారి గట్టిగానే ఆగుతుంది. హైవే మీద రెండోసారి, మూడోసారి వెంటవెంటనే తొక్కితే డ్రమ్ వేడెక్కి పట్టు తగ్గుతుంది, ఒక్కో చక్రం ఒక్కోలా పట్టి కారు పక్కకి లాగుతుంది. మీ ముందున్న కొత్త కారు ఏబీఎస్‌తో టక్కున ఆగుతుంది, మీది ఆగదు. ముందు చక్రాలకి డిస్కులు వేస్తే చాలావరకు తేడా వచ్చేస్తుంది, వెనక డ్రమ్ములు కొన్నాళ్లు ఉన్నా ఇబ్బంది లేదు. కిట్టు కొనేముందు చక్రం సైజు చూసుకోండి. ఇప్పుడున్న 14 అంగుళాల చక్రాల్లో పెద్ద డిస్కులు, కాలిపర్లు పట్టవు. బ్రేకులు చేసే విల్‌వుడ్ వాళ్లు కాలిపర్ కొలతల డ్రాయింగ్ ఇస్తారు, దాన్ని అట్టమీద కత్తిరించి చక్రంలో పెట్టి చూశాకే డబ్బు కట్టండి. డిస్కులతో పాటు మాస్టర్ సిలిండర్, ముందు వెనక ప్రెషర్ పంచే వాల్వ్, రబ్బరు గొట్టాలు అన్నీ మార్చాలి. ఏళ్లు గడిచిన రబ్బరు గొట్టం పైకి బాగానే కనిపిస్తుంది, లోపల ఉబ్బి మూసుకుపోయి ఉంటుంది.

చాలామంది గమనించని విషయం ఒకటుంది. బ్రేక్ పెడల్ పైభాగంలో మాస్టర్ సిలిండర్‌ని నెట్టే పుష్‌రాడ్ తగిలించడానికి రెండు రంధ్రాలుంటాయి. బూస్టర్ (ఇంజిన్ వాక్యూమ్‌తో పెడల్ నొక్కుడుకి బలం చేర్చేది) లేని బ్రేకులకి పైది, బూస్టర్ ఉన్నవాటికి కిందిది. డిస్కులూ బూస్టరూ కొత్తవి బిగించి, రాడ్‌ని మాత్రం పాత రంధ్రంలోనే వదిలేస్తారు. తర్వాత "పెడల్ ఎందుకో సరిగ్గా లేదు" అని నాలుగు మాస్టర్ సిలిండర్లు మారుస్తారు. ఇంకోటి, రేపు ఇంజిన్‌లో పెద్ద క్యామ్ (వాల్వులు తెరిచే షాఫ్ట్) వేస్తే వాక్యూమ్ తగ్గుతుంది, వాక్యూమ్ తగ్గితే బూస్టర్ పనిచేయదు. అప్పుడు స్టీరింగ్ పంపు ప్రెషర్‌తో నడిచే హైడ్రోబూస్ట్ వైపు వెళ్లాల్సి వస్తుంది. క్యామ్ శబ్దం మీద మోజు ఉంటే ఇప్పుడే ఆలోచించుకోండి.

రెండోది స్టీరింగ్, సస్పెన్షన్. ఆ రోజుల్లో ఈ కార్ల వీల్ అలైన్‌మెంట్ లెక్కలు పాత రకం బయస్‌ప్లై టైర్ల కోసం వేసినవి, క్యాస్టర్ (చక్రం తిరిగే ఇరుసు వెనక్కి వాలే కోణం) దాదాపు ఉండదు. ఇప్పటి రేడియల్ టైర్లు వేసి పాత లెక్క ప్రకారమే అలైన్‌మెంట్ చేయిస్తే, హైవే మీద స్టీరింగ్ అటూ ఇటూ తడుముకుంటూనే ఉంటుంది. "పాత కారు కదా, ఇంతే" అనుకుంటారు జనం. ఇంతే కాదు. పై కంట్రోల్ ఆర్ములు ట్యూబులర్‌వి వేసి, నాలుగైదు డిగ్రీల పాజిటివ్ క్యాస్టర్ పెట్టిస్తే అదే కారు 70 మైళ్ల వేగంలో నిటారుగా వెళ్తుంది. అలైన్‌మెంట్ షాపువాడు కంప్యూటర్‌లో 1970 షెవెల్ అని కొట్టి వచ్చిన అంకెలు పెట్టేస్తాడు, మీకు కావలసిన అంకెలు కాగితం మీద రాసిచ్చి దగ్గరుండి చేయించుకోండి. బాడీకి ఫ్రేమ్‌కి మధ్య రబ్బరు బుష్‌లు కూడా ఈ దశలోనే మార్చేయండి. చవక పనే, కారు చేసే కీచుకీచుల్లో సగం అక్కడే పోతాయి.

మూడోది కరెంటూ పెట్రోలూ. ఈ రెంటినీ ఇంజిన్ కన్నా ముందే ఎందుకు చేయాలో వివరంగా చెప్తాను, ఎందుకంటే ఎల్‌ఎస్ మార్పిడిలో ఏళ్ల తరబడి వేధించే తిప్పలన్నీ ఇక్కడివే.

కార్బ్యురేటర్‌కి పెట్రోల్ 5 నుంచి 7 పీఎస్‌ఐ ప్రెషర్‌తో అందితే చాలు. ఎల్‌ఎస్ ఇంజెక్షన్‌కి 58 పీఎస్‌ఐ కావాలి. పాత గొట్టాలు, పాత రబ్బరు హోసులు ఆ ప్రెషర్‌కి పనికిరావు. ఇంజెక్షన్ కోసమే చేసిన హోసు, దానికి తగ్గ క్లాంపులు వాడకపోతే వేడి ఎగ్జాస్ట్ పక్కనే పెట్రోల్ చిమ్ముతుంది. పంపు బయట ఫ్రేమ్‌కి తగిలిస్తే చవకలో పోతుందని ఎవరైనా చెప్తే వినకండి. టెక్సాస్ ఎండకి అది వేడెక్కుతుంది, గుయ్‌మని మోత పెడుతుంది. ట్యాంక్ లోపల ఉండే పంపుని చుట్టూ ఉన్న పెట్రోలే చల్లబరుస్తుంది. లోపల అడ్డు పలకలున్న ట్యాంక్, పంపుతో సహా షెవెల్ కొలతకే రెడీగా దొరుకుతుంది. అది వేసి, ప్రస్తుతానికి 350 మీదే కార్బ్యురేటర్ స్థానంలో హోలీ స్నైపర్ లాంటి త్రాటిల్ బాడీ ఇంజెక్షన్ పెట్టండి. దానికీ దాదాపు అదే ప్రెషర్ కావాలి. రేపు ఎల్‌ఎస్ వచ్చినా ట్యాంక్, పంపు, గొట్టాలు మళ్లీ ముట్టుకోనక్కర్లేదు.

కరెంటు విషయానికొస్తే, ఆ కారుతో మామూలుగా వచ్చిన ఆల్టర్నేటర్ 37 ఆంప్స్‌ది. పంపు, ఇంజెక్షన్ కంప్యూటర్, రెండు ఎలక్ట్రిక్ ఫ్యాన్లు, ఏసీ బ్లోయర్ కలిపి నడవాలంటే 100 ఆంప్స్ పైదే వేయాలి. ఆల్టర్నేటర్ మార్చి పాత సన్నటి తీగనే వదిలేస్తే తీగ కాలుతుంది, కాబట్టి బ్యాటరీకి లావు కేబుల్ వేయండి, ఫ్యూజ్‌తో సహా. యాభై ఏళ్ల నాటి వైరింగ్‌కి అక్కడక్కడా టేపు చుట్టి బతికించే బదులు అమెరికన్ ఆటోవైర్ లాంటివాళ్ల పూర్తి హార్నెస్ కొని మార్చేయడం మంచిది. ఎర్త్ కనెక్షన్లు మాత్రం ఏ కిట్టూ మీ బదులు చేసిపెట్టదు. పెయింట్ గీకి, తళతళలాడే ఇనుము కనిపించాక బిగించాలి. ఇంజిన్ నుంచి ఫ్రేమ్‌కి, ఫ్రేమ్ నుంచి బాడీకి, బ్యాటరీ నుంచి ఇంజిన్‌కి విడివిడిగా ఎర్త్ తీగలుండాలి. పరీక్ష సులువే. మల్టీమీటర్‌ని వోల్టుల మీద పెట్టి, ఒక మొన బ్యాటరీ నెగెటివ్ మీద, రెండోది ఇంజిన్ బ్లాక్ మీద ఆనించి స్టార్టర్ తిప్పమనండి. అర వోల్టు చూపించిందంటే ఎర్త్ సరిగ్గా లేనట్టే, 0.2 వోల్టు కన్నా తక్కువ రావాలి. కంప్యూటర్ పిచ్చి పిచ్చి కోడ్‌లు చూపిస్తోంది, సెన్సర్లు ఎన్ని మార్చినా పోవట్లేదు అని వచ్చే కార్లకి నేను ముందు చేసే పని ఇదే.

ఏసీ లేకుండా జులైలో డాలస్‌లో బాబుని ఎక్కించుకుని తిరగలేరు. వింటేజ్ ఎయిర్ వాళ్ల యూనిట్ డాష్‌బోర్డ్ వెనక పట్టేస్తుంది, ఆర్134ఏ గ్యాస్‌తో నడుస్తుంది. లోపలి యూనిట్ ఏ ఇంజిన్‌కైనా అదే, కంప్రెసర్ బ్రాకెట్టూ హోసులూ మాత్రం ఇంజిన్‌తో పాటు మారతాయి. వైరింగ్ కోసం డాష్ విప్పినప్పుడే దీన్నీ పెట్టేయండి, రెండుసార్లు విప్పే పని తప్పుతుంది. అల్యూమినియం రేడియేటర్, ష్రౌడ్ (చుట్టూ తొడుగు) ఉన్న ఫ్యాన్లు కూడా అప్పుడే.

ఇంతవరకు వచ్చాక కారు నడపడానికి హాయిగా ఉంటుంది. అయినా హైవే మీద ఇంజిన్ అరుస్తున్నట్టే ఉంటుంది, ఎందుకంటే టర్బో 350లో ఉన్నవి మూడే గేర్లు, పైది 1:1. వెనక యాక్సిల్ గేర్ నిష్పత్తి 3.31, టైరు ఎత్తు 26 అంగుళాలు అనుకుంటే 70 మైళ్ల దగ్గర ఇంజిన్ సుమారు 3,000 ఆర్‌పీఎం తిరుగుతుంది. 200-4ఆర్ అనే నాలుగు గేర్ల ఆటోమేటిక్‌లో పై గేర్ 0.67 కాబట్టి అదే వేగానికి 2,000 చాలు. పొడవు పొట్టి టెయిల్ ఉన్న టర్బో 350తో సమానం కావడంతో డ్రైవ్‌షాఫ్ట్ కోయించనక్కర్లేదు, కింద గేర్‌బాక్స్‌ని మోసే అడ్డపట్టీని (క్రాస్‌మెంబర్) వెనక్కి జరిపితే సరి. దీని టీవీ కేబుల్ (త్రాటిల్‌ని గేర్‌బాక్స్‌కి కలిపే తీగ) సర్దుబాటులో మాత్రం అశ్రద్ధ పనికిరాదు. అది వదులుగా ఉంటే లోపల ప్రెషర్ తగ్గి క్లచ్‌లు కొద్ది మైళ్లలోనే కాలిపోతాయి. ఎల్‌ఎస్ వేయడం ఖాయం అనుకుంటే ఈ గేర్‌బాక్స్ ఖర్చు మానేసి, అప్పుడే దానికి జతగా 4ఎల్70ఈ లాంటిది తీసుకోండి.

ఇప్పుడు ఇంజిన్. నిజం చెప్పాలంటే ఈ దశకి వచ్చేసరికి చాలామంది "350 చాల్లే" అంటారు, వాళ్లది తప్పు కాదు. స్పేర్ పార్టులు ఎక్కడపడితే అక్కడ దొరికే ఇంజిన్ అది. దాన్ని ఉంచుకుంటే ఒక జాగ్రత్త ఉంది. పాత ఫ్లాట్ ట్యాపెట్ క్యామ్‌కి జింక్ ఎక్కువున్న ఆయిల్ కావాలి, సూపర్‌మార్కెట్‌లో దొరికే మామూలు ఆయిల్ పోస్తూ పోతే క్యామ్ అరిగిపోతుంది.

ఎల్‌ఎస్3 వేస్తేనే తృప్తి అంటే అదీ మంచి ఇంజినే. 6.2 లీటర్లు, 430 హార్స్‌పవర్, 2008 కార్వెట్‌తో వచ్చింది. ఒక్క మాట గుర్తుంచుకోండి. 1970 నాటి 250, 300 హార్స్‌పవర్ అంకెలు గ్రాస్ లెక్కలు, అంటే సైలెన్సర్, ఫ్యాన్ లాంటి భారాలేవీ లేకుండా బెంచి మీద కొలిచినవి. ఇప్పటి అంకెలు నెట్. మీ పాత 350 కన్నా 301 హార్స్‌పవర్ వీ6 కామ్రీయే నిజానికి బలమైనది! కాబట్టి ఎల్‌ఎస్3కి దూకడం కాగితం మీద కనిపించేదాని కన్నా పెద్ద దూకుడు. వెనక ఉన్న చిన్న 10-బోల్ట్ యాక్సిల్, మంచి పట్టున్న టైర్లతో ఆ బలానికి ఎక్కువ రోజులు నిలవదు. ఇంకా గట్టి 12-బోల్ట్ యాక్సిల్ గానీ ఫోర్డ్ 9 అంగుళాలది గానీ ముందే లెక్కలో వేసుకోండి. కూపేల ఫ్రేమ్ పక్క పట్టీలు ఒకవైపు తెరిచి ఉంటాయి, కన్వర్టిబుల్‌కి మాత్రం మూసినవి ఇచ్చారు. ఆ తెరిచిన వైపు ప్లేటు వెల్డింగ్ చేయిస్తే కారు మెలి తిరగడం తగ్గుతుంది.

చవక దారి కావాలంటే 1999 నుంచి వచ్చిన షెవీ పికప్‌ల 5.3 లీటర్ ఇంజిన్ చూడండి. చాలావాటిలో ఇనుప బ్లాక్, బరువు కొంత ఎక్కువ, జంక్‌యార్డుల్లో కావలసినన్ని. ఏది వేసినా దానితో వచ్చిన ఆయిల్ ప్యాన్‌ని నమ్ముకోకండి. ట్రక్ ప్యాన్ లోతు ఎక్కువ, క్రాస్‌మెంబర్ కన్నా కిందకి వేలాడి మొదటి స్పీడ్ బంప్‌కే తగులుతుంది. ఈ ఫ్రేమ్ కోసం హోలీ వేరే ప్యాన్ చేస్తుంది. ట్రక్ ఏసీ కంప్రెసర్ కూడా కింద ఉండటం వల్ల ఫ్రేమ్‌కి అడ్డుపడుతుంది. సిలిండర్ హెడ్ల ముందున్న స్టీమ్ పోర్టుల గొట్టాన్ని అనవసరం అనుకుని మూసేయకండి, రేడియేటర్ పైభాగానికి కలపాలి. మూసేస్తే హెడ్‌లో ఆవిరి చిక్కుకుంటుంది, గేజ్ చల్లగానే ఉందని చూపిస్తుండగానే ఇంజిన్ లోపల కాలుతుంది. ఖర్చు విషయంలో నా లెక్క ఇది: ఇంజిన్‌కి ఎంత పెడతారో మౌంట్లు, ప్యాన్, హెడర్లు (ఎగ్జాస్ట్ గొట్టాలు), వైరింగ్, పుల్లీలు, మిగతా చిల్లరకి దాదాపు అంత అవుతుంది. పెయింట్ అన్నిటికన్నా చివర. కొత్త పెయింట్ మీద స్పానర్ జారితే పడే బాధ ఎందుకు.

బాబు సీటు సంగతి మీరు అడగలేదు, అయినా చెప్పాలి. ఆ కారు వెనక సీట్లో నడుముకి కట్టే బెల్టు తప్ప ఏదీ ఉండదు, ఇప్పటి కార్లలో పిల్లల సీటు బిగించే ల్యాచ్ కొక్కేలు ఉండవు. పిల్లల్ని ఎత్తుగా కూర్చోబెట్టే బూస్టర్ సీటుకి భుజం మీదుగా వచ్చే బెల్టు తప్పనిసరి. ముందూ వెనకా మూడు పాయింట్ల రిట్రాక్టర్ బెల్టులు, ఫ్లోర్‌కి దన్నుగా ప్లేట్లతో సహా వేయించండి. పైన బిగించే చోటు గట్టిదై ఉండాలి, పల్చటి రేకుకి బోల్టు వేస్తే ఉపయోగం లేదు. ఇది బ్రేకుల దశలోనే అయిపోవాలి.

టెక్సాస్‌లో ఇంత పాత కారుకి పొగ పరీక్ష లేదు. కాలిఫోర్నియాలో కూడా 1975 వరకు వచ్చిన మోడళ్లకి మినహాయింపే. యాంటిక్ ప్లేటు తీసుకుంటే ప్రదర్శనలు, క్లబ్ కార్యక్రమాల్లాంటి వాటికే పరిమితం, రోజువారీ తిరుగుడుకి మామూలు రిజిస్ట్రేషన్ ఉంచుకోండి. ఇన్సూరెన్స్ మాత్రం "అగ్రీడ్ వాల్యూ" పాలసీయే తీసుకోండి, హాగర్టీ లాంటివాళ్లు ఇస్తారు. మామూలు పాలసీలో కారు నుజ్జయితే మీరు పెట్టిన ఖర్చుని పట్టించుకోకుండా పాత మాలిబూ ధర కడతారు. బిల్లులన్నీ దాచి, ప్రతి దశకీ ఫొటోలు తీసి, ఒక్కో దశ అయిపోగానే విలువ పెంచి రాయించుకుంటూ వెళ్లండి.

హైదరాబాద్ ఆలోచన ఉంటే మాత్రం ఈ దారే వేరు. ఇండియాలో 2021 నుంచి 50 ఏళ్లు దాటిన బండ్లకి వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉంది, కానీ అసలు రూపం చెడకుండా ఉన్నవాటికే. ఎల్‌ఎస్3, ఇంజెక్షన్, కొత్త యాక్సిల్ వేసిన కారు అందులో ఇమడదు. ఇంజిన్ మార్చిన బండికి మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 అడ్డుపడుతుంది, స్టీరింగ్ ఎడమవైపు ఉండటం ఇంకో తలనొప్పి. ఎప్పటికైనా అక్కడికి పంపాలని గట్టిగా ఉంటే మార్పులు చేయని కారు వేరేది కొనుక్కోండి. ఈ శనివారం చూడ్డానికి వెళ్లినప్పుడు వెనక అద్దం అంచు, ఫ్రేమ్ వంపు, ఇంజిన్ మీది అంకెలు, ఈ మూడింటి ఫొటోలు దగ్గర్నుంచి తీసి పెట్టండి, మిగతాది అవి చూశాక చెప్తాను.